కూలి బారిష్టరు

గాంధీ మహాత్ముని పేరు వినని తెలుగు ఇల్లు ఏ రాష్ట్రంలోనూ ఉండదు. ఉప్పు సత్యాగ్రహం, ఖద్దరు ఉద్యమం మన తాతలు కళ్ళారా చూసినవి, మన పిల్లలు బడిలో చదువుకునేవి. వాటిని మేము ఇక్కడ మళ్ళీ ఏకరువు పెట్టబోవడం లేదు. ఈ ఉగాది సంచికకు మేము తీసుకున్నది ఆయన ఇంకా మహాత్ముడు కాని రోజులు. నిజం చెప్పాలంటే ఇంకా సరిగా వకీలు కూడా కాని రోజులు.

దానికి కారణం లేకపోలేదు. మన సంఘ కుటుంబాలలో న్యాయశాస్త్రం చదివిన పిల్లలు కొందరు అనుభవం సంపాదించాలని విదేశాలకు బయలుదేరుతున్నారు. అక్కడ ఏదో ఒక సేవాసంస్థలోనో, వకీళ్ళ ఆఫీసులోనో జీతం బత్తెం లేకుండా కొన్నాళ్ళు పనిచేసి వస్తామంటారు. ఇంట్లో పెద్దలకు అది మింగుడు పడదు. ఇంత చదువు చెప్పించి, ఓడకో విమానానికో చార్జీలు కూడా మనమే పెట్టుకుని, పరాయి గడ్డమీద ఊరికే చాకిరీ చేయడానికి పంపడమేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానిమీద వాదానికి దిగడం కంటె, పరదేశంలో పని నేర్చుకున్న ఒక కుర్ర బారిష్టరు సంగతి చెప్పడం మేలని మాకు తోచింది.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న కాథియవాడులోని పోరుబందరులో జన్మించారు. 1888 సెప్టెంబరులో బారిష్టరు చదువుకు లండన్ వెళ్ళి ఇన్నర్ టెంపుల్‌లో చేరారు. ఆ రోజులలో బారిష్టరు కావడానికి పరీక్షలతో పాటు విందులకు హాజరు కావడం కూడా ఒక నియమం. పన్నెండు టరములు, టరముకు కనీసం ఆరు విందులు. నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారాయి ఇచ్చేవారట. గాంధీ తాగరు గనుక ఆయన బల్లదగ్గర కూర్చోవడానికి తోటి విద్యార్థులు పోటీపడేవారు. 1891 జూన్ 10న ఆయన పేరు బారిష్టర్ల పట్టీలో ఎక్కింది. 12వ తేదీన ఓడ ఎక్కారు. (అదే పేరును, రాజద్రోహ నేరానికి శిక్షపడిన కారణంగా ఇన్నర్ టెంపుల్‌వారు 1922లో కొట్టివేశారు. మళ్ళీ ఎక్కించింది 1988లో.)

చదివిన పుస్తకాలకు లోటు లేదు. రోమను న్యాయశాస్త్రం లాటిన్‌లోనే చదివారు. కాని ఒక దావా ఎలా వేయాలి, ప్రతివాదికి జవాబు ఎలా వ్రాయాలి, సాక్షిని ఎలా అడగాలి అనేది ఆ మూడేళ్ళలో ఎవరూ నేర్పలేదు. బొంబాయిలో పెట్టె దించుకున్నాక తేలింది ఆ లోటు. స్మాల్ కాజెస్ కోర్టులో మమీబాయి అనే ఆమె తరఫున మొదటి కేసు వచ్చింది, ఫీజు 30 రూపాయలు. వాది సాక్షులను అడ్డుప్రశ్నలు వేయడానికి లేచి నిలబడ్డారు. కాళ్ళు వణికాయి, తల దిమ్మెక్కింది, ఒక్క ప్రశ్న కూడా నోట రాలేదు. కూర్చుండిపోయి, వేరే వకీలును పెట్టుకోమని చెప్పి, ఫీజు తిరిగి ఇచ్చివేశారు. ఆ కేసు 51 రూపాయలకు పటేల్ అనే వకీలుకు పోయింది. కేసులు తెచ్చే దళారీకి వాటా ఇవ్వడానికి మనసొప్పలేదు; తగిన ధైర్యం వచ్చేదాకా మరో కేసు పట్టకూడదని నిశ్చయించుకున్నారు. మన పక్కన చెట్టుకింద ప్లీడరు అంటామే, ఆ మాట ఈ లండన్ బారిష్టరుకు అచ్చంగా సరిపోయేది. నెలకు 75 రూపాయల జీతంమీద ఒక బడిలో ఇంగ్లీషు పంతులు పనికి దరఖాస్తు పెడితే, పట్టభద్రుడు కాడని అదీ ఇవ్వలేదు.

ఆరు మాసాలకు బొంబాయి కాపురం ఎత్తివేసి రాజకోట చేరారు. అక్కడ అన్నగారి పలుకుబడితో అర్జీలు, మహజర్లు వ్రాస్తూ నెలకు మూడు వందల దాకా సంపాదించసాగారు. తిండికి లోటు లేదు. కాని అన్నగారి పని మీద ఒక తెల్లదొర వద్దకు సిఫారసుకు వెళ్ళి, నౌకరు చేత బయటికి గెంటించుకున్న తరువాత ఆ ఊరి గాలి ఆయనకు పడలేదు. ఆ దొర కోర్టులోనే తన పనంతా.

సరిగా అప్పుడు దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేస్తున్న దాదా అబ్దుల్లా కంపెనీ నుంచి కబురు వచ్చింది. వారికి అక్కడ 40 వేల పౌనుల దావా నడుస్తున్నది. పెద్ద పెద్ద తెల్ల వకీళ్ళు ఉన్నారు. వారికి గుజరాతీ కాగితాలు అర్థమయ్యేలా చెప్పడానికీ, ఇంగ్లీషు ఉత్తరాలు వ్రాయడానికీ ఒక మనిషి కావాలి. ఏడాదికి మించదు. రాను పోను మొదటి తరగతి చార్జీలు, భోజనం వసతి, మొత్తం మీద 105 పౌనులు. ఇది బారిష్టరు ఉద్యోగం కాదనీ, కంపెనీ నౌకరీ అనీ గాంధీకి తెలుసు. తెలిసే ఒప్పుకున్నారు. జీతం బేరం కూడా ఆడలేదు. భార్యనూ ఇద్దరు పసివాళ్ళనూ రాజకోటలో విడిచి 1893 ఏప్రిల్‌లో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు.

మే నెల చివర డర్బను రేవులో దిగారు. ఇక్కడ కాసేపు కథ ఆపి మన వారి సంగతి ఒకటి చెప్పాలి. నేటాల్‌లోని చెరకు తోటల పనికి మద్రాసు రేవు నుంచి మొదటి కూలీల ఓడ ట్రూరో 1860 నవంబరు 16న ఆ డర్బనుకే చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఐదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళినవారు 1,52,184 మంది. మద్రాసులో ఓడ ఎక్కినవారే అందులో ఎక్కువ. వారిలో తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వేలకు వేలు. అగ్రిమెంటు అనే మాట వారి నోట గిర్మిటు అయింది. అప్పలస్వామి, ముత్తుస్వామి, వెంకటస్వామి అని పేర్లు వినీ వినీ తెల్లవారు హిందూదేశపు మనిషి ఎవడైనా సరే సామీ అని పిలవడం మొదలుపెట్టారు. లేదా కూలీ అనేవారు. మన భాషలో కూలి అంటే ఒళ్ళు వంచి పనిచేసినందుకు చేతికి వచ్చే డబ్బు. అక్కడ అది తిట్టుమాట. షావుకారు కూలీ షావుకారు, గాంధీ కూలి బారిష్టరు.

డర్బను కోర్టులో తలపాగా తీయమన్నారు. తీయకుండా బయటికి వచ్చేశారు. కేసు నడుస్తున్నది ట్రాన్సువాలులోని ప్రిటోరియాలో. కొద్ది రోజులకే మొదటి తరగతి టిక్కెట్టుతో రైలెక్కించారు. 1893 జూన్ 7 రాత్రి పీటరుమారిట్జుబర్గు స్టేషనులో జరిగినది అందరూ ఎరిగినదే: నల్లవాడు సామాన్ల పెట్టెలో కూర్చోవాలన్నారు, ఆయన కదలనన్నారు, పోలీసువాడు రెక్కపట్టి దింపివేశాడు. జూన్ అక్కడ గట్టి చలికాలం. పైకోటు సామానులో ఉంది, సామాను రైల్వేవారి దగ్గర ఉంది. అడిగితే మళ్ళీ అవమానం చేస్తారేమోనని అడగలేదు. దీపం కూడా లేని గదిలో తెల్లవార్లూ వణుకుతూ ఆలోచించిన సంగతి మాకు ఆ తోపులాట కంటె ముఖ్యంగా కనిపిస్తుంది. హక్కు కోసం పోరాడడమా, ఇంటికి తిరిగి పోవడమా, అవమానాలు దిగమింగి కేసు పూర్తిచేసుకుని పోవడమా. చేతిలో తీసుకున్న పని విడిచి పారిపోవడం పిరికితనమని తేల్చుకున్నారు. దారిలో గుర్రపుబండి నాయకుని చేత దెబ్బలు తిన్నారు కూడాను.

ప్రిటోరియాలో కంపెనీ అటార్నీ బేకరు గారు ఆయనను ఆదరంగానే చూశారు గాని, బారిష్టరుగా చేయవలసిన పనేమీ లేదని ముందే చెప్పారు. కావలసిన వివరాలు మాత్రం అడుగుతామన్నారు. వారానికి 35 షిల్లింగులకు ఒక రొట్టెల దుకాణం వారి ఇంట్లో బస కుదిర్చారు. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఇటువంటి చోటికి వెళ్ళిన కుర్రవాడు ఊరు తిరిగి, ఏడాది గడిపి, విదేశం చూసి వచ్చానని చెప్పుకోవచ్చు. గాంధీ కంపెనీ చిట్టా ఆవర్జాలు ముందు వేసుకుని కూర్చున్నారు.

ఆ దావా అంతా లెక్కలమీద నడిచేది. కొంత సొమ్ము ప్రోనోట్లమీద రావాలి, కొంత ప్రోనోట్లు వ్రాసి ఇస్తానన్న మాటమీద రావాలి. ఆ నోట్లు మోసం చేసి తీసుకున్నారనీ, వాటికి తగిన ప్రతిఫలం ముట్టలేదనీ ప్రతివాది వాదన. మన లండన్ బారిష్టరుకు ప్రోనోటు అంటే ఏమిటో తెలియదు! నిఘంటువులో వెదికితే దొరకలేదు. కంపెనీ గుమాస్తాను అడిగి తెలుసుకున్నారు. జమాఖర్చు నేర్పే పుస్తకం ఒకటి కొని చదివారు. గుజరాతీ ఉత్తరాలన్నీ ఇంగ్లీషు చేశారు. వాది చెప్పినది, కాగితం చెప్పినది పక్కపక్కన పెట్టి చూడడం అలవాటు చేసుకున్నారు. జరిగిన విషయం పూర్తిగా తెలిస్తే న్యాయశాస్త్రం ముప్పాతిక వంతు దానంతటదే వెంట వస్తుందని లండన్‌లో ఒక పెద్దమనిషి చెప్పిన మాట అక్కడ అర్థమైంది. కొన్నాళ్ళకు ఆ కేసు సంగతులు ఇరుపక్షాల వకీళ్ళకంటె, కక్షిదారులకంటె కూడా ఆయనకే బాగా తెలుసు. మమీబాయి కేసులో కాళ్ళు వణికినది చట్టం తెలియక కాదు, కేసు తెలియక అని మా ఊహ.

తన కక్షిదారు పక్షమే బలమైనదని తేలింది. అయినా వకీళ్ళ ఫీజులు రోజు రోజుకూ పెరుగుతున్నాయి. వాది దాదా అబ్దుల్లా, ప్రతివాది తయ్యబ్ షేట్ బంధువులు, ఒకే ఊరివారు, ఇద్దరూ మునిగిపోయేటట్టున్నారు. గాంధీ ప్రతివాది ఇంటికి వెళ్ళి మధ్యవర్తి తీర్పుకు ఒప్పించారు. దాదా అబ్దుల్లా గెలిచారు. తయ్యబ్ షేట్ 37 వేల పౌనులు, పైన ఖర్చులు చెల్లించాలి. ఒక్కసారి చెల్లిస్తే ఆయన దివాలా తీయాలి. ఆ వర్తకులలో దివాలా కంటె చావు మేలనుకునేవారు. గెలిచిన తన కక్షిదారును బతిమాలి, చాలా ఏళ్ళమీద వాయిదాలుగా పుచ్చుకోవడానికి ఒప్పించడం మధ్యవర్తికి ఒప్పించడం కంటె కష్టమైందట. తరువాత ఇరవై ఏళ్ళ ప్లీడరీలో వందల కేసులు ఆయన ఇలాగే రాజీ చేయించారు.

ఆ ఏడాది మరొక పని కూడా చేశారు. ఊళ్ళోని హిందూదేశస్థులను పోగుచేసి, వ్యాపారంలో నిజాయితీ గురించీ, శుభ్రత గురించీ మాట్లాడారు. ఆయన జీవితంలో సభలో ధైర్యంగా నోరు విప్పినది అదే మొదలు. ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఉచితంగా నేర్పుతానంటే ముగ్గురే వచ్చారు: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిల్లర దుకాణదారు. వారు రాలేకపోతే బారిష్టరే వారి దుకాణాలకు వెళ్ళి పాఠం చెప్పేవారు. ఎనిమిది నెలలలో ఇద్దరు వ్యాపారపు ఉత్తరాలు వ్రాసుకోగలిగారు. మంగలికి వచ్చిన దొరలతో నాలుగు మాటలు మాట్లాడగలిగితే చాలు.

కేసు ముగిసింది. 1894లో డర్బనులో వీడ్కోలు విందు. అక్కడ పత్రికలో ఒక మూల కనబడిన వార్త, నేటాలులోని హిందూదేశస్థుల ఓటు హక్కు తీసివేసే బిల్లు సంగతి, ఆయన ప్రయాణం ఆపింది. ఒక నెల ఉండి పనిచేయమన్నారు వర్తకులు, ఫీజు ఇస్తామన్నారు. ఇక్కడ గాంధీ పెట్టిన నియమం మన పిల్లలూ పెద్దలూ ఇద్దరూ వినదగినది. ప్రజల పనికి ఫీజు తీసుకోను అన్నారు. తంతికీ, అచ్చుకూ, పుస్తకాలకూ అయ్యే ఖర్చు మీరు పెట్టండి అన్నారు. పదిహేను రోజులలో పది వేల సంతకాలతో మహజరు లండన్‌కు పోయింది. ఆగస్టులో నేటాల్ ఇండియన్ కాంగ్రెసు వెలసింది. నెల గడిచినా పని ముగియలేదు, ఇంకా ఉండాలి, మరి తిండి? గౌరవంగా బతకడానికి ఏడాదికి 300 పౌనులు కావాలని లెక్కవేశారు. ఇరవై మంది వర్తకులు తమ కోర్టు పనులకు ఏడాది పొడుగునా ఆయననే వకీలుగా పెట్టుకున్నారు. అది చేసే పనికి ఫీజు, ఇది చేయని పనికి జీతం కాదు. ఈ రెండు పద్దులను ఆయన ఎన్నడూ కలపలేదు. గాలి భోంచేసి సేవ చేయలేదు; సేవను అమ్ముకోనూ లేదు.

తెల్ల వకీళ్ళ సంఘం అడ్డుపడినా నేటాల్ సుప్రీంకోర్టు ఆయనను చేర్చుకున్నది. ప్రధాన న్యాయమూర్తి తలపాగా తీయమన్నారు. ఈసారి తీశారు, కోర్టు నియమం కోర్టులో పాటించాలన్నారు. మిత్రులకు అది నచ్చలేదు.

కొద్ది నెలలకే ఒకనాడు ఆఫీసు వాకిట్లోకి చిరిగిన గుడ్డలతో ఒక తమిళ కూలీ వచ్చి నిలబడ్డాడు. పేరు బాలసుందరం. ముందు పళ్ళు రెండు విరిగాయి, నోట రక్తం, ఒళ్ళంతా వణుకు. తలగుడ్డ చేతిలో పట్టుకున్నాడు. యజమాని కొట్టాడు. సంగతి ఆఫీసులోని తమిళ గుమాస్తా విప్పి చెప్పాడు. గాంధీ మొదట తలగుడ్డ కట్టుకోమన్నారు. తెల్లవారి ముందు తల చుట్టు తీయడం అలవాటైన ఆ మనిషి చాలాసేపు సందేహించి కట్టుకున్నాడు. తన తలపాగా కోర్టులో తీసినవారే తన గదిలో ఇంకొకరి తలపాగా తీయనివ్వలేదు.

తరువాత చేసిన పని చూస్తే ప్రిటోరియాలో లెక్కల పుస్తకాల ముందు గడిపిన నెలలు ఎటుపోయాయో తెలుస్తుంది. ముందు డాక్టరు వద్దకు పంపి గాయాలకు సర్టిఫికేటు తీసుకున్నారు. గాయం, సర్టిఫికేటు, మనిషి ముగ్గురినీ తిన్నగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. యజమానికి సమను వెళ్ళింది. యజమానిని జైలుకు పంపడం గాంధీ ఉద్దేశం కాదు. చట్టం ఎలా ఉన్నదంటే, మామూలు నౌకరు పని మానితే సివిలు దావా. గిర్మిటు కూలీ పని మానితే జైలు. కాబట్టి వాణ్ణి విడిపించాలంటే కూలీల రక్షకాధికారి చేత ఒప్పందం మరొకరి పేర మార్పించాలి, లేదా యజమానే వదులుకోవాలి. యజమాని మార్పిడికి ఒప్పుకున్నాడు. కొత్త యజమాని కూడా తెల్లవాడే కావాలని నిబంధన. తనకు తెలిసిన ఒక ఇంగ్లీషు ఆయనను గాంధీ వెతికి ఒప్పించారు. చూడబోతే చిన్న కేసు. కాని తోటలలో ఆ వార్త పాకింది. కూలీలకు కూడా ఒక వకీలు ఉన్నాడట అనే మాట మద్రాసు దాకా వచ్చింది.

1897 తరువాత మరొక విచిత్రమైన ఉద్యోగం చేశారు. డర్బనులో డాక్టరు బూత్ ఆధ్వర్యంలో పార్శీ రుస్తుంజీ ఇచ్చిన ధనంతో ఒక చిన్న ధర్మాసుపత్రి పెట్టారు. అక్కడ మందు కలిపి ఇచ్చే కాంపౌండరు లేడు. బాగా ప్రాక్టీసు ఉన్న బారిష్టరు తన పని కొంత మరొక వకీలుకు అప్పగించి, రాకపోకలతో కలిపి పొద్దున్నే రెండు గంటలు జీతం లేకుండా ఆ పని చేశారు. రోగి బాధ ఏమిటో అడిగి తెలుసుకోవాలి, అది డాక్టరుకు విడమరచి చెప్పాలి, వ్రాసిచ్చిన మందు కలిపి ఇవ్వాలి. వచ్చేవారు చాలా మట్టుకు తమిళులు, తెలుగువారు, ఉత్తరాది కూలీలు. తోటలో కొట్టిన దెబ్బ, తిన్న గంజి, నిద్రలేని రాత్రి, ఇవన్నీ కడుపునొప్పి వెనుక నుంచి బయటపడతాయి. మా అభిప్రాయంలో ఆయన చేసిన అసలు వకాల్తా శిక్షణ ఇదే. విశాఖపట్నం నుంచి వెళ్ళిన కూలీ ఒకడు తన జబ్బు సంగతి ఎదుట కూర్చున్న గాంధీకి చెప్పుకుని ఉంటాడనుకుంటే మనకు కొంచెం గర్వంగా, కొంచెం దిగులుగా కూడా ఉంటుంది. బోయరు యుద్ధంలో 1899లో 1,100 మంది హిందూదేశస్థులతో గాయపడినవారిని మోసే దళం నడిపినప్పుడు ఆ ఆసుపత్రి పని అక్కరకు వచ్చింది.

1903లో ఆయన జొహాన్నెస్‌బర్గులో ఆఫీసు తెరిచారు. ఇప్పుడు తానే గురువు. రిచ్, పోలాక్ అనే ఇంగ్లీషువారు ఆయన దగ్గర వకీలు పని నేర్చుకున్నవారే. 1904లో అక్కడి కూలీల పేటలో ఊపిరితిత్తుల ప్లేగు పుట్టింది. ఇరవై ముగ్గురు రోగులు. ఖాళీ ఇంటి తాళం పగులగొట్టి వారిని చేర్చారు. గాంధీ ఆఫీసులో అప్పుడు నలుగురు మనదేశపు కుర్రవాళ్ళు ఉన్నారు. వస్తారా అని అడిగితే నలుగురూ మారుమాట లేకుండా బయలుదేరారు. రిచ్ కూడా వస్తానన్నారు గాని, పెద్ద సంసారమున్నవాడని గాంధీ ఆపారు. ఈ ఆపడం మాకు నచ్చింది. సేవకు పిలిచే పెద్దలకు ఆ లెక్క తెలిసి ఉండాలి. తరువాత మునిసిపాలిటీ వారు ఒక గిడ్డంగి ఇచ్చి ఒక నర్సును పంపారు. ముగ్గురు రోగులకు గాంధీ తడిమట్టి పట్టీలు వేశారు, ఇద్దరు బతికారు. మిగిలినవారు గిడ్డంగిలోనే పోయారు. ఆ నర్సు కూడా ప్లేగు తగిలి పోయింది. కుర్రవాళ్ళు నలుగురూ క్షేమంగా ఆఫీసుకు తిరిగివచ్చారు.

ఆ తరువాత సత్యాగ్రహం వచ్చి ప్లీడరీని క్రమంగా మింగివేసింది. అది వేరే కథ. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. గిర్మిటు ముగిసి నేటాలులోనే ఉండిపోదలచినవారి మీద 1895లో ఏడాదికి మనిషికి మూడు పౌనుల తలపన్ను వేశారు. మొగవాడికి, ఆడదానికి, పదహారేళ్ళ కొడుక్కి, పదమూడేళ్ళ కూతురికి కూడా. నెలకు పద్నాలుగు షిల్లింగులు మించని సంసారంలో నలుగురుంటే పన్నెండు పౌనులు. దాని కోసమే 1913 నవంబరులో గని కూలీలు, ఆడవాళ్ళు, పిల్లలు రెండు వేల పైచిలుకు మంది గాంధీ వెంట ట్రాన్సువాలు సరిహద్దు దాటి నడిచారు. 1914లో పన్ను రద్దయింది. జులై 18న ఆయన ఓడ ఎక్కి వచ్చేశారు. ఏడాదికి మించదన్న ఉద్యోగానికి ఇరవై ఒక్క సంవత్సరాలు పట్టింది.

పన్ను పోయాక తోటలలోని మన తెలుగువారు చాలామంది అక్కడే స్థిరపడ్డారు. 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. వారి మునిమనుమల ఇళ్ళలో ఉగాది నాడు ఇప్పటికీ పచ్చడి కలుపుతారు.